వీలీ కంట్రోల్ ఉన్నా ముందు చక్రం లేచి దబ్బున పడుతోంది: బైకులో లోపమా?

మీరు అడిగినదాన్ని ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. మీది 1000 సీసీ స్పోర్ట్స్ బైకు. వీలీ అంటే ముందు చక్రం గాలిలోకి లేవడం; అది జరగకుండా ఇంజిన్ బలాన్ని తగ్గించే కంప్యూటర్ సదుపాయమైన వీలీ కంట్రోల్‌ను మధ్య స్థాయిలో పెట్టుకున్నారు. రెండో గేరులో థ్రాటిల్ పూర్తిగా తిప్పితే ముందు చక్రం జానెడు లేస్తోంది, ఆ వెంటనే ఇంజిన్ ఊపిరి బిగబట్టినట్టు అవుతోంది, చక్రం దబ్బున నేలను తాకుతోంది, హ్యాండిల్ ఒక్క కుదుపు కుదుపుతోంది. మిట్టల మీద ఇది మరీ ఎక్కువ. మలుపు చివర బైకు ఇంకా వాలి ఉండగానే థ్రాటిల్ ఇస్తే, చక్రం లేవకపోయినా బలం తగ్గుతోంది. ఇది లోపమా, ఈ సదుపాయాన్ని ఆపేయడం మేలా, వీలీ నేర్చుకునేటప్పుడు దీన్ని రక్షణగా పెట్టుకోవచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

లోపం లేకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. అయినా రెండు మూడు విషయాలు చూసుకోవాలి, అవి తరువాత చెబుతాను. ఆపేయవద్దు. మూడోదానికి నా జవాబు గట్టిగా వద్దనే. చాలా ఏళ్లుగా రేస్ ట్రాక్ మీద కొత్త రైడర్లకు శిక్షణ ఇస్తున్నాను, వాళ్ల బైకుల సెట్టింగులు సరిచేస్తున్నాను. మీరు చెప్పిన ఈ "లేచి పడటం" గురించే అందరికంటే ఎక్కువమంది అడుగుతారు. వాళ్లలో చాలామంది చక్రం ఎంత ఎత్తు లేచిందో చూసి భయపడతారు. కంప్యూటర్ మాత్రం చక్రం ఎంత వేగంగా లేస్తోందో చూస్తుంది. మీరు రాసిన లక్షణాల్లో చాలావరకు ఈ తేడా దగ్గరే మొదలవుతాయి.

కాస్త లెక్కలోకి దిగుదాం. వెనుక టైరు నేలను తాకే చోటును ఒక కీలు అనుకోండి. ఆ కీలు చుట్టూ రెండు శక్తులు పెనుగులాడుతుంటాయి. బైకు, మీరు కలిసిన బరువు ముక్కును కిందికి నొక్కుతుంది. ఇంజిన్ తోపు ముక్కును పైకి లేపుతుంది. గురుత్వ కేంద్రం ఆ కీలుకు ఎంత ముందుంటే బరువుకు అంత పట్టు, నేలకు ఎంత ఎత్తులో ఉంటే తోపుకు అంత పట్టు. ఈ తరగతి బైకుల్లో రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం 1400 మిల్లీమీటర్ల పైచిలుకు. రైడరు కూర్చున్నాక గురుత్వ కేంద్రం ఇంచుమించు మధ్యలో, అంటే కీలుకు 700 మిల్లీమీటర్లు ముందు, నేలకు దాదాపు అంతే ఎత్తులో ఉంటుంది. ముందుకు 700, పైకి 700 అయినప్పుడు, తోపు మొత్తం బరువుతో సమానమైన క్షణాన ముందు టైరు మీద భారం సున్నా అవుతుంది. బైకు 200 కిలోలు, మీరు 70 కిలోలు అనుకుంటే, చక్రం లేవడం మొదలయ్యే ఆ హద్దు గీత 2650 న్యూటన్ల దగ్గర ఉంటుంది.

ఇప్పుడు ఇంజిన్ వైపు చూడండి. 110 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చే లీటరు ఇంజిన్, మామూలు గేర్ల నిష్పత్తులు, గొలుసులోనూ గేర్లలోనూ కొంత నష్టం. ఇవన్నీ కలిపి ఉజ్జాయింపుగా లెక్కేస్తే వెనుక టైరు దగ్గర మొదటి గేరులో 3500, రెండో గేరులో 2900, మూడో గేరులో 2500 న్యూటన్ల తోపు వస్తుంది. మొదటి రెండు గేర్లు గీతకు పైన ఉన్నాయి, మూడోది కొంచెం కింద ఉంది. మీ బైకు రెండో గేరులో చక్రం ఎత్తడం వింత కాదు, ఎత్తకపోతేనే ఆలోచించాలి.

అసలు చిక్కు చక్రం లేచాక మొదలవుతుంది. ముక్కు పైకి లేచినకొద్దీ గురుత్వ కేంద్రం వెనక్కి జరుగుతుంది, ఎత్తూ పెరుగుతుంది. బరువుకు పట్టు సడలుతుంది, తోపుకు పట్టు బిగుస్తుంది. మీరు జానెడు అన్నారు కదా, ఆ బైకు పొడవుకు అది సుమారు 9 డిగ్రీల కోణం. అంత లేచేసరికి 2650 దగ్గర ఉన్న గీత 1930కి దిగిపోతుంది. రెండో గేరు ఇస్తున్న 2900లో మొదట అదనంగా ఉన్నది 250 న్యూటన్లే. 9 డిగ్రీల దగ్గర ఆ అదనం 970 అవుతుంది, అంటే దాదాపు నాలుగు రెట్లు. మీరు మణికట్టు కదపలేదు, ఇంజిన్ ఇంకేమీ జోడించలేదు, అయినా చక్రాన్ని ఎత్తే శక్తి నాలుగింతలైంది. 20 డిగ్రీలకు చేరితే గీత 1240కి పడిపోతుంది. వీలీ మొదట నెమ్మదిగా లేచి ఉన్నట్టుండి మీదికి వచ్చేసినట్టు అనిపించడానికి కారణం ఇదే. బంతిని కొండ శిఖరం మీద పెట్టినట్టే, ఒకసారి కదిలిందంటే తనంతట తాను వేగం పుంజుకుంటుంది.

దీని నుంచి వీలీ కంట్రోల్ రాసే ఇంజనీరుకు ఒక కఠినమైన నియమం ఎదురవుతుంది. తొలి డిగ్రీల్లోనే పసిగడితే 300 న్యూటన్లు కోసినా సరిపోతుంది, మీకు తెలియకుండానే పని జరిగిపోతుంది. జానెడు లేచేదాకా ఆగితే వెయ్యికి పైగా కోయాలి. కోత పెద్దదైతే చక్రం దిగడం కాదు, పడుతుంది. పైగా ఎక్కువ సమయం లేదు. రెండో గేరులో ఉన్న ఆ కొద్దిపాటి అదనపు తోపుతోనే చక్రం జానెడు లేవడానికి నా అంచనాలో అర సెకను కూడా పట్టదు. మనిషి కన్ను చూసి, మెదడు గుర్తించి, చెయ్యి కదిలేసరికి ఆ సమయంలో చాలా భాగం గడిచిపోతుంది.

మరి కంప్యూటర్ ఎలా పసిగడుతుంది? పాత పద్ధతి చక్రాల వేగం చూడటం. యాంటీలాక్ బ్రేకుల కోసం రెండు చక్రాలకూ వేగం కొలిచే సెన్సర్లు ఎలాగూ ఉంటాయి. ముందు చక్రం గాలిలో ఉంటే దాన్ని తిప్పే నేల లేదు కాబట్టి దాని వేగం పెరగడం ఆగిపోతుంది. వెనుక చక్రం వేగం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఆ తేడా చూసి వీలీ అని నిర్ధారించవచ్చు. వెనుక టైరు జారినప్పుడు కూడా సరిగ్గా ఇదే తేడా కనిపించడం ఇందులోని ఇబ్బంది. ముందు చక్రం వెనుకబడిందా, వెనుక చక్రం ముందుకు పరుగెత్తిందా అన్నది అంకెలను చూసి చెప్పలేం. అందుకే ఆ కాలపు బైకుల్లో, వెనుక టైరు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ వీలీని జారడంగా భావించి, జారుతున్న టైరుకు కోసినంత నిర్దయగా బలం కోసేది.

అలాంటి బైకు ఒకటి నా దగ్గర కొన్నేళ్లు ఉంది. పొడవైన దారిలో, గేరు మార్చిన మరుక్షణం ముందు చక్రం మోకాలి ఎత్తు లేచింది, కంప్యూటర్ ఒక్కసారిగా బలం తుంచేసింది. ఆ క్షణంలో నేను పక్కకు కొంచెం ఒరిగి ఉన్నాను, హ్యాండిల్ నిటారుగా లేదు. చక్రం అలా వంకరగా నేలను తాకగానే హ్యాండిల్ ఒక చివరి నుంచి మరో చివరికి మూడు నాలుగు సార్లు కొట్టుకుంది. పడలేదు. కానీ ఆ రోజు నుంచి చక్రం లేవడం కంటే దిగడం గురించే ఎక్కువ ఆలోచిస్తున్నాను. గాలిలో ఉన్నంతసేపు ముందు చక్రం వేగం కోల్పోతుంది. నేలను తాకిన క్షణంలో ఆ వేగం ఒక్కసారిగా తిరిగి రావాలి. చక్రం దారికి నేరుగా లేకపోతే ఆ అదురంతా హ్యాండిల్‌కే వస్తుంది. మీరు చెప్పిన కుదుపు అదే, కాకపోతే చిన్నది.

రెండో పద్ధతి గైరో సెన్సర్. మీ బైకులో సీటు కిందనో ట్యాంకు కిందనో అగ్గిపెట్టెకు కాస్త పెద్దదైన పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని ఐఎంయూ అంటారు. మూడు దిక్కుల్లో త్వరణాన్ని, మూడు అక్షాల చుట్టూ తిరిగే వేగాన్ని అది సెకనుకు ఎన్నోసార్లు చెబుతుంది. ముక్కు పైకి లేవడం మొదలైతే ఆ తిరుగుడు వేగం నేరుగా కనిపిస్తుంది, చక్రాల వేగాల తేడా పేరుకునేదాకా ఆగనక్కరలేదు. కోణం కోసం కాకుండా వేగం కోసం చూడటంలో ఇంకో లాభం ఉంది. గైరో తిరుగుడు వేగాన్నే కొలుస్తుంది. కోణం కావాలంటే ఆ వేగాన్ని క్షణం క్షణం కూడుకుంటూ పోవాలి, చిన్న తప్పులు కూడా వాటితో పాటే కూడుకుంటాయి. త్వరణ సెన్సర్‌తో దిద్దుదామంటే అది బైకు గట్టిగా ముందుకు దూకడాన్నీ ముక్కు పైకి లేవడాన్నీ ఒకేలా చూపిస్తుంది. అందుకని చక్రాల వేగం నుంచి అసలు త్వరణం ఎంతో లెక్కగట్టి తీసేయాలి. చూడటానికి చిన్న పెట్టె, లోపల జరుగుతున్న సర్దుబాటు చాలా పెద్దది.

ఈ దారిలో మజిలీలు కొన్ని చెప్పుకోవాలి, ఎందుకంటే మీరు పాత బైకుతో పోల్చి చూస్తున్నారు. గాలి కవాటాన్ని తీగతో నేరుగా కాకుండా మోటారుతో తిప్పే పద్ధతి 2006లో యమహా ఆర్6తో మార్కెట్ బైకుల్లోకి వచ్చింది. అది లేకుండా ఇప్పటి వీలీ కంట్రోల్‌ను ఊహించలేం. 2011లో ఏప్రిలియా ఆర్‌ఎస్‌వీ4 వీలీ కంట్రోల్‌ను ట్రాక్షన్ కంట్రోల్ నుంచి విడదీసి వేరే సెట్టింగుగా ఇచ్చింది. 2015లో యమహా ఆర్1, డుకాటీ 1299 పనిగాలే రెండూ ఐఎంయూతో వచ్చాయి. నా దృష్టిలో అసలైన మలుపు అదే. అంతకుముందు వీలీని ఆపేవారు, ఆ తరువాతనే దాన్ని నడిపించడం మొదలైంది.

అయితే గైరోకూ గుడ్డి చోట్లు ఉన్నాయి. మిట్టల మీద ఎక్కువ అన్నారు కదా, దాన్ని ఇప్పుడు చూద్దాం. మిట్ట దాటేటప్పుడు దారి ముందుకు వంగి కిందికి పోతుంది. బైకు దారితో పాటే పోతే గైరో "ముక్కు కిందికి తిరుగుతోంది" అని చెబుతుంది. ముందు చక్రం దారిని వదిలేస్తే బైకు ఉన్నచోటే సమంగా ఉంటుంది, దారి మాత్రం కింద నుంచి జారిపోతుంది. అప్పుడు గైరో చూపించేది సున్నా. చక్రం గాలిలో ఉంది, సెన్సర్ మాత్రం అంతా ప్రశాంతం అంటోంది. చక్రాల వేగాల తేడా కనిపించేదాకా కంప్యూటర్‌కు ఆనవాలు దొరకదు. ఆనవాలు దొరికేసరికి ఆలస్యమైంది, కాబట్టి పెద్ద కోత, కాబట్టి దబ్బుమనడం. దీనికి సరిగ్గా ఎదురు పరిస్థితి పల్లం నుంచి ఎత్తు ఎక్కేటప్పుడు వస్తుంది. దారి పైకి వంగడంతో బైకు ముక్కు నిజంగానే పైకి తిరుగుతుంది, చక్రం మాత్రం నేలకు గట్టిగా అదిమే ఉంటుంది. అక్కడ కంప్యూటర్ అనవసరంగా బలం తగ్గించవచ్చు. సస్పెన్షన్ కదలికను కొలిచే సెన్సర్లున్న బైకులు ఈ రెండు చోట్లా మెరుగ్గా ఉంటాయి, ఎందుకంటే ఫోర్కు (ముందు చక్రాన్ని మోసే సస్పెన్షన్ గొట్టాలు) పూర్తిగా సాగిందో లేదో వాటికి తెలుసు.

మలుపు చివర బలం తగ్గడం వేరే కథ. బైకు వాలి తిరుగుతున్నప్పుడు, ముక్కు పైకి లేవడాన్ని కొలిచే గైరో కూడా బైకుతో పాటే వాలి ఉంటుంది. అందువల్ల మలుపు తిరగడంలో ఒక భాగం దాని ఖాతాలో పడుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో 45 డిగ్రీలు వాలి తిరుగుతుంటే బైకు సెకనుకు సుమారు 20 డిగ్రీల చొప్పున దిశ మారుస్తుంది. అందులో 14 డిగ్రీలు ఆ గైరోకు ముక్కు పైకి లేస్తున్నట్టే కనిపిస్తాయి. నిజమైన వీలీ మొదలయ్యే తొలి క్షణాల్లో కనిపించే వేగమూ దాదాపు ఇంతే. వాలు ఎంతో, దిశ ఎంత వేగంగా మారుతోందో తెలిస్తేనే ఆ 14ను తీసేయగలం. ఆరు కొలతలూ కావలసింది ఇందుకే. మంచి సాఫ్ట్‌వేర్ దీన్ని సరిగ్గానే తీసేస్తుంది కాబట్టి, మీ బైకు మలుపులో బలం తగ్గిస్తున్నది వీలీ కంట్రోల్ వల్ల కాదని నా నమ్మకం. బైకు వాలి ఉన్నప్పుడు ట్రాక్షన్ కంట్రోల్ వెనుక టైరుకు ఇచ్చే స్వేచ్ఛను కావాలనే తగ్గిస్తుంది. తేల్చుకోవడం సులువే. వీలీ కంట్రోల్‌ను అలాగే ఉంచి ట్రాక్షన్ కంట్రోల్‌ను ఒక్క మెట్టు మాత్రం మార్చండి. మలుపులో అనుభవం మారితే కారణం దొరికినట్టే. రెండింటినీ ఒకేసారి కదిపితే ఏమీ తెలియదు.

పసిగట్టాక బలం కోయడం ఎలా అన్నది ఇంకో సగం. మీరు "ఊపిరి బిగబట్టినట్టు" అన్నది ఇక్కడ నుంచి వస్తుంది. కంప్యూటర్ చేతిలో మూడు పనిముట్లు ఉంటాయి. గాలి కవాటాన్ని మూయడం మెత్తని పని, కాని నిదానం. మోటారు కదలాలి, లోపల ఇప్పటికే చేరిన గాలి ఖర్చు కావాలి. నిప్పురవ్వను ఆలస్యం చేయడం చాలా వేగవంతం, తరువాతి మంటకే టార్క్ తగ్గుతుంది. ఏదో ఒక సిలిండరుకు నిప్పురవ్వనో ఇంధనాన్నో పూర్తిగా ఆపేయడం అంతే వేగం, కానీ మోటు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 400 మంటలు, ఒక్కోదానికి మధ్య 2.5 మిల్లీసెకన్లు. కాబట్టి వేగానికి కొదవలేదు. మంచి సాఫ్ట్‌వేర్ మొదట నిప్పురవ్వతో ఆ క్షణాన్ని పట్టుకుంటుంది, ఆలోగా కవాటం నెమ్మదిగా మూసుకుని ఆ పని తనమీద వేసుకుంటుంది.

కోసినదాన్ని తిరిగి ఎప్పుడు ఇవ్వాలన్నది ఇంకా సున్నితమైన విషయం. చక్రం కిందికి రావడం మొదలవగానే, నేలను తాకకముందే, కొంత తోపు తిరిగి ఇస్తే అది చక్రాన్ని కింద నుంచి పట్టుకున్నట్టు మెత్తగా దింపుతుంది. నేలను తాకాక ఇస్తే అప్పటికే దెబ్బ తగిలింది. ఒకే తరగతి బైకులు రెండింటి మధ్య "ఇది మెత్తగా దింపుతుంది, అది పడేస్తుంది" అని రైడర్లు చెప్పే తేడా దాదాపు మొత్తం ఇక్కడే ఉంది. మీ బైకు సాఫ్ట్‌వేర్‌లో ఇది కొంచెం ఆలస్యం కావచ్చు. అది లోపం కాదు, ఆ బైకు గుణం. తయారీదారు కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చారేమో సర్వీసు కేంద్రంలో అడగండి.

ఇక మీరు చూసుకోవలసినవి. వెనుక టైరు మార్చారా? 190/55 స్థానంలో 200/55 వేసినా, అదే కొలతలో వేరే తయారీ టైరు వేసినా చుట్టుకొలత మారుతుంది. రెండు చక్రాల వేగాలకు మధ్య ఎప్పుడూ ఒక చిన్న తేడా మిగిలి ఉంటుంది, కంప్యూటర్ దాన్ని తప్పుగా చదువుతుంది. చాలా కొత్త బైకుల్లో టైర్ల కొలత నేర్పించే ఏర్పాటు మెనూలో ఉంటుంది. నిర్ణీత వేగంతో కొంతసేపు తిన్నగా నడిపితే అదే సరిచేసుకుంటుంది. గాలి సరిగ్గా పట్టించాకే ఆ పని చేయండి.

ముందు స్ప్రాకెట్ (గొలుసును తిప్పే పళ్ల చక్రం) చిన్నది వేయించారా? ఇది చాలామంది చేసే మార్పు, దాని ఫలితం లెక్కవేసేవాళ్లు తక్కువ. 16 పళ్ల నుంచి 15కు దిగితే వెనుక టైరు దగ్గర తోపు దాదాపు 7 శాతం పెరుగుతుంది. పైన చెప్పిన అంకెల్లో మూడో గేరు 2500 నుంచి 2670కి వెళుతుంది, అంటే గీత దాటేస్తుంది. నిన్నటిదాకా రెండు గేర్లలో చక్రం ఎత్తిన బైకు ఇవాళ మూడు గేర్లలో ఎత్తుతుంది. ఆ మూడోది మరింత ఎక్కువ వేగం దగ్గర. వెనుక ఎవరినైనా కూర్చోబెట్టుకుంటే లెక్క ఇంకా చెడుతుంది. గురుత్వ కేంద్రం వెనక్కీ పైకీ రెండు వైపులా జరుగుతుంది.

వెనుక సస్పెన్షన్ మీ బరువుకు తగ్గట్టు బిగించారా అన్నదీ చూడండి. మరీ మెత్తగా ఉంటే థ్రాటిల్ ఇచ్చినప్పుడు వెనుక భాగం కూర్చుంటుంది, ముక్కు చక్రం లేవకముందే రెండు మూడు డిగ్రీలు పైకి తిరుగుతుంది, కంప్యూటర్‌కు తప్పుడు కబురు అందుతుంది. ఇంకొక సంగతి. స్థాయిల అంకెలు అన్ని బైకుల్లో ఒకే అర్థంలో ఉండవు. చాలావాటిలో పెద్ద అంకె అంటే ఎక్కువ జోక్యం, కానీ మీ బైకు పుస్తకంలో ఉన్నదే మీకు ప్రమాణం.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. మీ చేతిలో ఉన్న అతి గొప్ప వీలీ కంట్రోల్ మీ శరీరమే. 70 కిలోల మీ బరువును సగటున 10 సెంటీమీటర్లు ముందుకు, 15 సెంటీమీటర్లు కిందికి తెచ్చారనుకోండి. అంటే తొడలు ట్యాంకుకు ఆనించి, ఛాతీ ట్యాంకు మీద పరచి, మోచేతులు దించడం. మొత్తం గురుత్వ కేంద్రం ముందుకు 2.6, కిందికి 3.9 సెంటీమీటర్లు జరుగుతుంది. చిన్న మార్పే. కానీ గీత 2650 నుంచి 2900కి పెరుగుతుంది. రెండో గేరు ఇచ్చే తోపు ఎంత? 2900. నిటారుగా కూర్చున్నప్పుడు జానెడు లేచిన చక్రం, వంగి కూర్చుంటే నేలను రాసుకుంటూ పోతుంది. కంప్యూటర్ కోయవలసింది ఏమీ మిగలదు, మీకు తోపు మొత్తం దక్కుతుంది. నా శిష్యుల్లో సగానికి పైగా ఈ ఒక్క మార్పుతోనే సెట్టింగుల గొడవ మరిచిపోయారు. హ్యాండిల్‌ను పట్టుకుని వెనక్కి వేలాడవద్దు. మోకాళ్లతో ట్యాంకును పట్టుకోండి. త్వరణంలో చేతులతో లాగితే ఆ లాగుడు థ్రాటిల్ మీదికీ స్టీరింగ్ మీదికీ పోతుంది.

పెద్ద రేసులు కూడా ఇదే దారిన వెళ్లాయి. మోటోజీపీలో 2016 నుంచి అన్ని జట్లకూ ఒకే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఫ్యాక్టరీలు సొంతంగా రాసుకున్న వీలీ కంట్రోల్ అంత నేర్పు అందులో లేకపోవడంతో, ముందు చక్రాన్ని నేలకు అదిమే రెక్కల మీద శ్రద్ధ పెరిగింది. తరువాత డుకాటీ మొదలుపెట్టగా, మలుపు దాటాక వెనుక భాగాన్ని కిందికి దించే పరికరాలు వచ్చాయి. గురుత్వ కేంద్రాన్ని దించితే గీత పైకి పోతుందన్న సూత్రమే అదీ. 2027 నుంచి ఆ ఎత్తు మార్చే పరికరాలను నిబంధనలు నిషేధిస్తున్నాయి. మీ బైకుకు రెక్కలుంటే వాటి మీద ఆశ పెట్టుకోకండి. డుకాటీ తన పనిగాలే వీ4 రెక్కలు గంటకు 270 కిలోమీటర్ల దగ్గర 30 కిలోల భారం వేస్తాయని చెప్పింది. గాలి బలం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి 90 దగ్గర అది తొమ్మిదో వంతు, మూడు కిలోల పైచిలుకు.

ఆపేయడం గురించి. ఆపేస్తే ఆ అర సెకను లోపు పని మీ మణికట్టు మీద పడుతుంది. భయపడిన చెయ్యి థ్రాటిల్‌ను కొంచెం తగ్గించదు, మొత్తం మూసేస్తుంది. మీరు ఇప్పుడు ఫిర్యాదు చేస్తున్న కోత కంటే అది పెద్ద కోత, దెబ్బ కూడా పెద్దది. దానికి బదులు జోక్యాన్ని ఒక మెట్టు పెంచండి. వినడానికి వింతగా ఉంటుంది కానీ చాలా బైకుల్లో జోక్యం పెరిగితే కోత ముందుగా మొదలవుతుంది, కాబట్టి చిన్నగా ఉంటుంది, కాబట్టి దిగడం మెత్తబడుతుంది. మూసి ఉన్న ట్రాక్ మీద, ఒకే చోట, ఒకే గేరులో, ఒక్కో మెట్టు మారుస్తూ చూడండి. గేరు పెంచేటప్పుడు క్విక్‌షిఫ్టర్ (క్లచ్ నొక్కకుండా గేరు మార్చనిచ్చే ఏర్పాటు) బలాన్ని తుంచి తిరిగి వదిలే క్షణంలో చక్రం లేస్తుంటే, ఆ ఒక్క మార్పు దగ్గర థ్రాటిల్‌ను పిసరంత వెనక్కి తిప్పి ఉంచండి.

వీలీ నేర్చుకోవడానికి దీన్ని రక్షణ వలగా వాడుకోవద్దని ఎందుకంటున్నానో చూడండి. వీలీ కంట్రోల్ చేయగలిగింది ఒక్కటే, తోపును తగ్గించడం. తోపు తగ్గితే బరువు ముక్కును కిందికి లాగుతుంది. గురుత్వ కేంద్రం వెనుక టైరుకు ముందు ఉన్నంతవరకే అది నిజం. అది సరిగ్గా టైరు పైకి వచ్చే కోణం, మన లెక్కలో 45 డిగ్రీల దరిదాపుల్లో, దాటితే బరువు కూడా మిమ్మల్ని వెనక్కే లాగుతుంది. అప్పుడు తోపును పూర్తిగా కోసేసినా బరువు చక్రాన్ని కిందికి తేదు. అక్కడ పని చేసేది వెనుక బ్రేకు, దాని మీద ఉన్న మీ కుడి పాదం. తక్కువ వేగంలో మొదటి గేరులో క్లచ్‌తో ఒక్కసారిగా ఎత్తితే ఆ కోణానికి ఎంత త్వరగా చేరుకుంటారో పైన 9 డిగ్రీల లెక్క చూస్తే అర్థమవుతుంది. నేర్చుకోవాలన్న కోరిక నిజమైతే తక్కువ బలమున్న చిన్న బైకు, జనం లేని మూసిన స్థలం, పక్కన తెలిసిన శిక్షకుడు ఉండాలి. మొదటి పాఠం ఎత్తడం కాకుండా వెనుక బ్రేకుతో దించడం కావాలి. మీ లీటరు బైకు దానికి తగినది కాదు.

చివరగా, ఈ వారంలోనే చేయించవలసిన పని ఒకటి ఉంది. చక్రం ఇన్నిసార్లు దబ్బున పడిందంటే స్టీరింగ్ బేరింగులు వదులై ఉండవచ్చు. ముందు భాగాన్ని స్టాండు మీద ఎత్తి, ఫోర్కు కింది చివరలు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. టక్కుమన్న చిన్న కదలిక చేతికి తగిలినా బిగింపు సరిచేయించాలి. హ్యాండిల్‌ను ఇరువైపులా మెల్లగా తిప్పినప్పుడు మధ్యలో ఒకచోట గాటులో పడ్డట్టు ఆగుతుంటే బేరింగులు మార్చాల్సిందే. హ్యాండిల్ కుదుపును అణిచే స్టీరింగ్ డ్యాంపర్ నుంచి నూనె కారుతోందేమో కూడా అప్పుడే చూడండి. ఇవి సరిగ్గా ఉన్నాయని తేలాకే సెట్టింగుల జోలికి వెళ్లండి.